ముందు నిలబడే మనిషి పోయినప్పుడు

ఈనాటి ప్రసంగానికి ఒక ప్రశ్న కారణం. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు కోలారులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మొన్న ఒక ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చాడు. చేతిలో బైబిలు ఉంది. "మేష్ట్రూ, ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మా యువజన కూటంలో దాని మీద నేను మాట్లాడాలి. ఇందులో జనం భయపడ్డారని రాసుంది. తర్వాతి అధ్యాయంలో భయపడవద్దని దేవుడు చెబుతాడు. అంటే వాళ్ళు భయపడటం తప్పేనా? నాయకుణ్ణి చంపేస్తే జనం భయపడరా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులు గడువడిగి, ఆ అధ్యాయాలను నాలుగైదుసార్లు చదివాను. నాకు అర్థమైనది మీతో కూడా చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు. మీలో బైబిలు రోజూ చదివేవాళ్ళుంటారు, ఎప్పుడూ ముట్టనివాళ్ళూ ఉంటారు. ఇద్దరికీ తెలిసేలాగే చెబుతాను. ఎందుకంటే ఇందులోని భయం ఏ ఒక్క మతం వాళ్ళదీ కాదు.

ఆ వాక్యం యిర్మీయా గ్రంథం 41వ అధ్యాయం చివర, 17, 18 వచనాలలో ఉంది. దాని సారాంశాన్ని నా మాటల్లో చెబుతాను. బబులోను రాజు ఆ దేశానికి అధికారిగా పెట్టిన గెదల్యాను ఇష్మాయేలు అనేవాడు చంపేశాడు. అందువల్ల మిగిలిన జనం బబులోను వాళ్ళకు భయపడి, ఐగుప్తుకు వెళ్ళిపోదామని బయలుదేరి, బేత్లెహేము దగ్గర ఒక చోట దిగారు. అంతే వాక్యం. చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. దాని వెనక ఉన్న కథ మాత్రం పెద్దది.

క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్రెజరు సైన్యం యెరూషలేమును పట్టుకుంది. దేవాలయాన్ని, రాజు ఇంటిని, ఊరిని కాల్చివేసింది. రాజు సిద్కియా కళ్ళ ముందే ఆయన కొడుకులను చంపి, తర్వాత ఆయన కళ్ళు తీసి, సంకెళ్ళు వేసి బబులోనుకు తీసుకుపోయారు. చదువుకున్నవాళ్ళు, చేతిపని వచ్చినవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు చాలామంది చెరలోకి పోయారు. ఆస్తిపాస్తులు లేని పేదవాళ్ళను మాత్రం ద్రాక్షతోటలూ పొలాలూ చూసుకోమని అక్కడే వదిలేశారు.

ఆ మిగిలినవాళ్ళ మీద అధికారిగా బబులోను వాళ్ళు గెదల్యాను పెట్టారు. ఈయన పేరున్న కుటుంబంవాడు. తాత షాఫాను యోషీయా రాజు కాలంలో రాజాస్థానంలో లేఖికుడు. తండ్రి అహీకాము ఒకప్పుడు యిర్మీయా ప్రవక్తను చంపబోతే అడ్డుపడి కాపాడినవాడు. యెరూషలేము కాలిపోయింది కాబట్టి గెదల్యా దానికి ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిస్పా అనే ఊళ్ళో కూర్చుని పాలన మొదలుపెట్టాడు.

అప్పుడు ఆయన జనానికి చెప్పిన మాటను మీరు జాగ్రత్తగా వినండి. ఈ కథ తాళంచెవి అక్కడే ఉంది. బబులోను వాళ్ళ కింద బతకడానికి భయపడకండి అన్నాడు. ఆ మాటతో ఊరుకోలేదు. నేను ఈ మిస్పాలోనే ఉంటాను, బబులోను అధికారులు వచ్చినప్పుడు మీ తరఫున వాళ్ళ ముందు నేను నిలబడతాను, మీరు మాత్రం ద్రాక్షరసం, వేసవికాలపు పండ్లు, నూనె కూర్చుకొని పాత్రల్లో నింపుకోండి అన్నాడు. చూశారా? భయపడకండి అని ఊరికే అనలేదు. ముందు నేను నిలబడతాను, వెనక మీరు పని చేసుకోండి అన్నాడు.

జనం ఆ మాట నమ్మారు. యుద్ధానికి జడిసి పక్క దేశాలైన మోయాబుకూ, అమ్మోనుకూ, ఎదోముకూ పారిపోయినవాళ్ళు తిరిగి వచ్చారు. ఆ ఏడు ద్రాక్షరసమూ పండ్లూ బాగా సమకూరాయని గ్రంథం చెబుతుంది. నిన్నటిదాకా బూడిదగా ఉన్న దేశంలో పంట ఇంటికి చేరింది.

అయితే అమ్మోను రాజు బయలీసుకు ఇది నచ్చలేదు. యూదా రాజవంశానికి చెందిన ఇష్మాయేలు అనే వాణ్ణి గెదల్యా మీదికి పంపాడు. ఈ సంగతి యోహానాను అనే సేనాధిపతికి తెలిసింది. ఆయన గెదల్యా దగ్గరకు వచ్చి హెచ్చరించాడు. రహస్యంగా వెళ్ళి ఇష్మాయేలును నేనే చంపేస్తాను, నువ్వు పోతే ఇక్కడ చేరిన జనమంతా చెదిరిపోతారు అని కూడా అన్నాడు. గెదల్యా ఒప్పుకోలేదు. నువ్వు అతని మీద అబద్ధం చెబుతున్నావు అన్నాడు.

ఏడవ నెలలో ఇష్మాయేలు పదిమందిని వెంటబెట్టుకొని మిస్పాకు వచ్చాడు. గెదల్యా వాళ్ళకు భోజనం పెట్టాడు. కలిసి తింటూ ఉండగానే వాళ్ళు లేచి ఆయనను చంపారు. అక్కడ ఉన్న యూదులనూ, బబులోను సైనికులనూ కూడా చంపారు. మరునాడు ఆ సంగతి ఇంకా బయటికి పొక్కకముందే, ఉత్తరాన ఉన్న షెకెము, షిలోహు, సమరయ నుంచి 80 మంది యాత్రికులు దేవునికి అర్పణలు పట్టుకొని వచ్చారు. ఇష్మాయేలు ఏడుస్తూ వాళ్ళకు ఎదురు వెళ్ళి, గెదల్యా దగ్గరకు రండని ఊళ్ళోకి పిలుచుకొచ్చి, 70 మందిని చంపి ఒక గోతిలో వేయించాడు. పొలాల్లో దాచిన గోధుమలు, యవలు, నూనె, తేనె ఉన్నాయని చెప్పిన పదిమందిని మాత్రం వదిలాడు.

ఆ గోతిని గురించి గ్రంథకర్త ఒక చిన్న ముక్క చెబుతాడు. చాలామంది దాన్ని దాటిపోతారు. అది సుమారు 300 ఏళ్ళ కిందట ఆసా అనే యూదా రాజు, ఇశ్రాయేలు రాజు బయెషాకు భయపడి తవ్వించినదట. ఒక తరం తన భయం కొద్దీ తవ్వుకున్న గొయ్యి మరో తరం శవాలతో నిండింది. గ్రంథకర్త దాని మీద ఏ వ్యాఖ్యా చేయలేదు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

ఇష్మాయేలు మిస్పాలో మిగిలిన జనాన్ని చెరపట్టి అమ్మోను వైపు నడిపించుకుపోయాడు. యోహానాను వెంటపడి గిబియోను దగ్గర అందుకున్నాడు. ఆయనను చూడగానే చెరలో ఉన్నవాళ్ళు సంతోషించి ఆయన వైపు తిరిగారు. ఇష్మాయేలు ఎనిమిదిమందితో తప్పించుకొని అమ్మోనుకు పారిపోయాడు.

శ్రోతలారా, ఇప్పుడు మనం ఆ వాక్యం దగ్గరకు వచ్చాం. హంతకుడు పారిపోయాడు. చెర విడిపోయింది. ఆడవాళ్ళు, పిల్లలు, సైనికులు అందరూ క్షేమంగా ఉన్నారు. మరి భయం ఎవరికి, ఎవరంటే?

పాఠశాలలో పిల్లలకు ఈ వాక్యం చెప్పవలసి వస్తే నేను మొదట ఈ ప్రశ్నే వేస్తాను. చాలామంది పిల్లలు ఇష్మాయేలుకు భయపడ్డారు అంటారు. కాదు. వాళ్ళు భయపడింది చంపినవాడికి కాదు. చనిపోయిన నాయకుణ్ణి ఎవరు పెట్టారో ఆ బబులోను ప్రభుత్వానికి. మా అధికారిని చంపారు, మా సైనికులను చంపారు అని రేపు బబులోను సైన్యం దిగితే, వాళ్ళు ఇష్మాయేలు ఎవడు, యోహానాను ఎవడు అని విచారిస్తారా? యూదుడు అనగానే కత్తి దూస్తారు. ఒకడు చేసిన నేరం జాతి మొత్తం మీద పడుతుందనేదే వాళ్ళ భయం.

ఇది పిరికితనమా? కాదనే నేను అనుకుంటున్నాను. మన దేశంలోనే 1984 అక్టోబరు 31న ప్రధానమంత్రి ఇందిరాగాంధీని ఆమె అంగరక్షకులు ఇద్దరు కాల్చి చంపారు. ఆ ఇద్దరూ సిక్కులు. ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులను చంపారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. వాళ్ళలో ఎవరికీ ఆ హత్యతో సంబంధం లేదు. కాబట్టి బేత్లెహేము దగ్గర దిగిన ఆ జనాన్ని మీకు భయమెందుకు అని మనం వెక్కిరించలేం. వాళ్ళ భయానికి ఆధారం ఉంది. గ్రంథం కూడా ఆ రెండు వచనాలలో వాళ్ళను ఒక్క మాట అనలేదు. భయపడ్డారు అని చెప్పి, ఎందుకో కారణం కూడా చెప్పింది. నింద లేదు.

అసలు ఆ భయం లోపల ఉన్నది ఏమిటి? గెదల్యా మాట గుర్తు చేసుకోండి. మీ తరఫున నేను ముందు నిలబడతాను అన్నాడు గదా. ఆ నిలబడే మనిషి ఇప్పుడు లేడు. ఆయన నిలబడిన చోటు ఖాళీ అయింది. ఇన్నాళ్ళూ ఆయన వీపు మాత్రమే చూసిన జనానికి, ఆయన పడిపోగానే ఎదురుగా బబులోను ముఖం కనిపించింది. నాయకుడి హత్య తర్వాత వచ్చే భయం అదే. ఒక మనిషి పోయాడన్న దుఃఖం వేరు, మన ముందు ఎవరూ లేరే అన్న దిగులు వేరు. రెండోదే మనుషులను ఊరు విడిపిస్తుంది.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. మాది శ్రీనివాసపురం తాలూకాలో ఒక పల్లె. కర్ణాటకలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. 1991 మే 21 రాత్రి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. తెల్లవారి రేడియోలో విన్నాం. బస్సులు ఆగిపోయాయి. సంత జరగలేదు. మామిడికాయల కాలం అది. కోసిన కాయ కోసినట్టే తోటల్లో ఉండిపోయింది.

మా పక్క వాకిట్లో తమిళం మాట్లాడే దర్జీ ఒకాయన, భార్యా ఇద్దరు పిల్లలతో అద్దెకు ఉండేవాడు. చంపినవాళ్ళు తమిళం మాట్లాడేవాళ్ళట అని రెండు రోజుల్లో ఊళ్ళో గుసగుస మొదలైంది. అక్కడ కొట్టారంట, ఇక్కడ తగలబెట్టారంట అని దారిన పోయేవాళ్ళు తలా ఒక మాట చెప్పేవారు. ఆ రాత్రి ఆయన కుట్టుమిషను విప్పి గోనెసంచిలో కట్టాడు. ఎద్దులబండి అడగడానికి మా ఇంటికి వచ్చాడు. చీకట్లోనే బయలుదేరి ఎలాగైనా గుడియాత్తం చేరాలని ఆయన ఆలోచన.

మా అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. "యాడికి పోతావు తంబీ, ఈ నడిరేత్రి ఆడకూతుర్ని, బిడ్డల్ని ఏసుకోని? దోవలో ఏముందో నీకు తెలుసునా? తెల్లారనీ. నలుగుర్ని అడుగుదాం. అప్పుడు పోవాల్నంటే పో" అంది. ఆయన ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అవ్వ లోపలికి చూసి మా నాయనను పిలిచి, "ఒరే, నీ పడక ఈ రేత్రి నుంచి ఆయప్ప వాకిట్లో వెయ్యి" అంది. నాయన మారుమాట లేకుండా మంచం తీసుకుపోయి వాళ్ళ తలుపు ముందర వేసుకున్నాడు. అయిదు రాత్రులు అక్కడే పడుకున్నాడు.

మా ఊళ్ళో ఏమీ జరగలేదు. కానీ శ్రోతలారా, ఏమీ జరగదని ఆ రాత్రి ఎవరికీ తెలియదు. ఆ దర్జీకీ తెలియదు, మా అవ్వకూ తెలియదు. ఆమె భయపడొద్దు అనలేదు. ఆ మాట ఆమె నోట రాలేదు. తలుపు ముందు మంచం వేయించింది, అంతే. ఆరో రోజున గోనెసంచిలోంచి మిషను మళ్ళీ బయటికి వచ్చింది. ఆ ఏడు బడికి నేను వేసుకుపోయిన చొక్కా ఆయన కుట్టిందే.

ఇప్పుడు బేత్లెహేముకు తిరిగి వద్దాం. నల్లబల్ల మీద పటం గీస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. గిబియోను యెరూషలేముకు వాయవ్యంగా ఉంది. బేత్లెహేము యెరూషలేముకు దక్షిణాన ఉంది. మిస్పాలో వాళ్ళ ఇళ్ళున్నాయి, పాత్రల్లో నింపుకున్న ద్రాక్షరసమూ నూనే ఉన్నాయి. గిబియోను నుంచి మిస్పా చాలా దగ్గర. వాళ్ళు అటు పోలేదు. యెరూషలేమును దాటుకొని దక్షిణానికి, అంటే ఐగుప్తు దారికి వచ్చి దిగారు. అక్కడ దిగిన తర్వాత యిర్మీయా ప్రవక్త దగ్గరకు వెళ్ళి, మేము ఏ దారిన పోవాలో, ఏం చేయాలో దేవుణ్ణి అడిగి చెప్పు, మంచైనా చెడైనా ఆ మాటే వింటాం అన్నారు.

వరుస గమనించండి. దారి పట్టింది ముందు. దారి అడిగింది తర్వాత. నా శిష్యుడి ప్రశ్నకు జవాబు నాకు ఈ వరుసలోనే దొరికింది. భయపడటం తప్పు కాదు. భయమే దారి నిర్ణయించేశాక, ఆ నిర్ణయానికి మద్దతు కోసం సలహా అడగటం దగ్గర తప్పు మొదలైంది. మనం కూడా అలా ఎన్నిసార్లు చేశామో ఎవరి మనసుకు వాళ్ళకు తెలుసు. పెళ్ళి ఖాయం చేసుకొని జాతకం చూపించేవాళ్ళున్నారు, పొలం అమ్మేసి అన్నదమ్ములను సలహా అడిగేవాళ్ళున్నారు.

యిర్మీయా వెంటనే జవాబు ఇవ్వలేదు. పది రోజులు పట్టింది. భయంతో ఉన్నవాళ్ళకు పది రోజులంటే ఎంత పొడుగో మీరే ఊహించుకోండి. పది రోజుల తర్వాత వచ్చిన జవాబు ఇది. ఈ దేశంలోనే ఉంటే మిమ్మల్ని కడతాను, పడగొట్టను. నాటుతాను, పెరికివేయను. మీరు భయపడుతున్న ఆ బబులోను రాజుకు భయపడకండి, నేను మీకు తోడుగా ఉన్నాను. ఐగుప్తుకు పోతే మాత్రం మీరు ఏ కత్తికి భయపడి పోతున్నారో ఆ కత్తే అక్కడ మిమ్మల్ని అందుకుంటుంది.

మీరు భయపడుతున్న రాజు అని ఆ మాటలోనే ఉంది. వాళ్ళ భయాన్ని దాచిపెట్టలేదు, చిన్నబుచ్చలేదు. ఉన్నదని ఒప్పుకున్నాకే వద్దని చెప్పింది. వద్దనడంతో పాటు తోడుంటానని చెప్పింది. గెదల్యా చెప్పిన మాటా ఇదే గదా! ఆయన బతికి ఉండగా భయపడకండి, నేను నిలబడతాను అన్నాడు. ఆయన చనిపోయాక అదే మాట మళ్ళీ వచ్చింది. మనిషిని చంపారు గానీ ఆయన మాటలోని నిజాన్ని చంపలేకపోయారు. ఖాళీ అయిందనుకున్న చోటు ఖాళీగా లేదని ప్రవక్త చెప్పాడు.

జనం వినలేదు. నువ్వు అబద్ధమాడుతున్నావు, నీ శిష్యుడు బారూకు మా మీదికి నిన్ను ఎగదోస్తున్నాడు అన్నారు. నువ్వు అబద్ధం చెబుతున్నావు అని ఒకప్పుడు గెదల్యా యోహానానుతో అన్నాడు. ఇప్పుడు అదే మాట యోహానాను మనుషులు యిర్మీయాతో అంటున్నారు. నమ్మకం చెడిన కాలంలో ఎవరి నోట విన్నా ఇదే మాట.

నాకు యోహానాను మీద ఒక బాధ ఉంది. ఇది నా ఆలోచన మాత్రమే, గ్రంథంలో లేదు. హత్య జరగబోతోందని ముందే హెచ్చరించినవాడు ఆయన. హంతకుడితో పోరాడి చెరలో ఉన్నవాళ్ళను విడిపించినవాడు ఆయన. బబులోను అధికారి వస్తే, అయ్యా ఇదీ జరిగింది, మీ సైనికులను చంపినవాడు అమ్మోనులో ఉన్నాడు, వీళ్ళు నిరపరాధులు అని ఎదురు నిలిచి చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. గెదల్యా నిలిచిన చోట నిలబడదగిన మనిషి. ఆయన ఆ చోట నిలబడలేదు, జనాన్ని తీసుకొని దారి పట్టాడు. యిర్మీయానూ బారూకునూ కూడా వెంట తీసుకుపోయాడు. ఐగుప్తు సరిహద్దులోని తహపనేసు అనే ఊరికి చేరారు.

అయితే గెదల్యాకు భయం లేకపోవడం అంతా మంచేనా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. యూదు పండితులు ఈ విషయం చాలా తర్కించారు. ఆ గోతిని గురించి చెప్పే వచనంలో, చనిపోయినవాళ్ళు గెదల్యా చేతి మీదుగా చనిపోయారు అని అర్థం వచ్చే ఒక మాట హీబ్రూలో ఉంది. చంపింది ఇష్మాయేలు గదా, గెదల్యా చేయి అంటారేమిటి అని తాల్ముదులో పండితులు ప్రశ్న వేసుకున్నారు. యోహానాను హెచ్చరికను ఆయన లెక్కచేయలేదు కాబట్టి ఆ బాధ్యత ఆయనదీ అని జవాబు చెప్పుకున్నారు. ఒకరి మీద చెప్పిన చెడ్డమాటను నమ్మనక్కర్లేదు, కానీ జాగ్రత్త మాత్రం పడాలి అని వాళ్ళు తేల్చారు. ఎంత నిదానమైన మాట!

మన తెలుగులో భయానికి ఎన్నో మాటలున్నాయి. జంకు, బెదురు, దిగులు, హడలు. పెద్దల ముందు, దేవుని ముందు ఉండవలసిన దాన్ని భయభక్తులు అంటాం. కన్నడంలోనూ భయభక్తి అనే అంటారు. హీబ్రూలో కూడా శత్రువుకు భయపడటానికీ, దేవునికి భయపడటానికీ ఒకే క్రియను వాడతారు. మన పల్లెల్లో బెదురు అనే మాటను ఎద్దుకు వాడతాం. జాగ్రత్త ఉన్న ఎద్దు గుంట చూసి ఆగుతుంది. బెదిరిన ఎద్దు బండిని గుంటలోకే లాగుతుంది. గెదల్యాకు ఉండవలసిన జాగ్రత్త లేకపోయింది. యోహానాను వెంట నడిచినవాళ్ళది జాగ్రత్తగా మొదలై బెదురుగా మారింది.

తర్వాత ఏమైంది? భయం పూర్తిగా వట్టిది కాదని నేను ముందే చెప్పాను. యిర్మీయా గ్రంథం చివర ఒక లెక్క ఉంది. నెబుకద్రెజరు ఏలుబడిలో 23వ ఏట, అంటే క్రీస్తుపూర్వం 582 ప్రాంతంలో, 745 మంది యూదులను మళ్ళీ చెరకు తీసుకుపోయారట. గెదల్యా హత్యకు ఇది ప్రతీకారం కావచ్చునని కొందరు పండితులు అనుకుంటారు. ఉన్నవాళ్ళకు కష్టం రాలేదని నేను చెప్పను. కానీ ఐగుప్తు కూడా బబులోను చేతికి అందనంత దూరం కాదు. నెబుకద్రెజరు తన 37వ ఏట, క్రీస్తుపూర్వం 568 ప్రాంతంలో, ఐగుప్తు మీదికి దండెత్తినట్టు బబులోను మట్టిపలక ఒకటి చెబుతోంది.

మరి మిస్పా ఏమైంది? మిస్పా ఇదేనని చాలామంది పండితులు ఒప్పుకుంటున్న తెల్ ఎన్ నస్బె అనే దిబ్బను 1926 నుంచి 1935 వరకు తవ్వారు. 1932లో అక్కడ ఒక సమాధిలో చిన్న ముద్ర దొరికింది. దాని మీద పోరుకు దిగిన కోడిపుంజు బొమ్మ, రాజు సేవకుడైన యజన్యా అని పేరు ఉన్నాయి. గెదల్యా దగ్గరకు వచ్చిన సేనాధిపతుల పట్టికలో యజన్యా అనే పేరు ఉంది. ఇద్దరూ ఒకరే కావచ్చునని కొందరు అంటారు. అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది. బబులోను కాలంలోనూ, ఆ తర్వాత పారశీకుల కాలంలోనూ ఆ ఊళ్ళో జనం కాపురాలు చేశారని తవ్వకాల్లో తేలింది. ఊరు పాడుపడలేదు. ఎవరో ఉన్నారు. పొలం దున్నారు, ద్రాక్ష తొక్కారు, పిల్లలను పెంచారు. సుమారు 140 ఏళ్ళ తర్వాత, క్రీస్తుపూర్వం 445 ప్రాంతంలో, నెహెమ్యా యెరూషలేము గోడ తిరిగి కట్టినప్పుడు పనికి వచ్చినవాళ్ళ పేర్లు రాసిపెట్టాడు. అందులో మిస్పావాళ్ళు ఉన్నారు. గెదల్యా రక్తం చిందిన ఊరివాళ్ళు వచ్చి కాలిపోయిన నగరానికి గోడ కట్టారు. మిమ్మల్ని కడతాను అన్న మాట వాళ్ళ చేతుల్లోనే నిజమైంది.

గెదల్యా పేరున యూదులు నేటికీ ఏటా ఒకరోజు ఉపవాసం ఉంటారు. వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ ముగియగానే ఆ రోజు వస్తుంది. 1995 నవంబరు 4న ఇజ్రాయెలు ప్రధానమంత్రి యిట్జాక్ రాబిన్‌ను ఒక యూదుడే కాల్చి చంపాడు. అప్పటి నుంచి అక్కడ చాలామంది ఆ ఉపవాసాన్ని కొత్తగా తలచుకుంటున్నారు. సొంతవాడి చేతిలో నాయకుడు పోతే జనానికి ఏమవుతుందో ఆ పాత కథ వాళ్ళకు గుర్తు చేస్తుంది.

శ్రోతలారా, వారం తర్వాత నా శిష్యుడు మళ్ళీ వచ్చాడు. నేను అతనితో చెప్పినదే మీకూ చెప్పి ముగిస్తాను. ఆ వాక్యంలో జనం భయపడ్డారని ఉంది, పాపం చేశారని లేదు. నాయకుణ్ణి చంపినప్పుడు భయపడని ఊరు ఉండదు. ఆ భయం ఎవరిని గురించో ముందు తెలుసుకో. అది దారి పట్టకముందే అడగవలసినవాళ్ళను అడుగు. అడిగాక పది రోజులు పట్టినా ఆగు. ఇంకొకరికి భయపడవద్దని చెప్పవలసి వస్తే, ఆ మాట చెప్పేముందు నీ మంచం ఎక్కడ వేయబోతున్నావో చూసుకో.

అతను కాసేపు ఊరుకొని, "మేష్ట్రూ, చివరి మాట బైబిల్లో ఎక్కడుంది?" అని అడిగాడు.

"మా అవ్వ దగ్గర ఉంది" అన్నాను.